ఇరవైకి ఇరవై మసకే

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మా బావ ఈ కేసు మూసేశాడు. ఒంటిగంటా ఇరవై అయిదుకి నేను మళ్లీ తెరిచాను. మధ్యలో ఆ అయిదు నిమిషాలు దేనికంటారా? చెప్పులు విప్పి కాళ్లకు ప్లాస్టిక్ సంచులు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, ఒంటికి వెనక ముడి వేసుకునే గౌను. తన వీపు మీద తనే ముడి వేసుకోగల మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. చివరికి బావే వచ్చి ముడి వేశాడు.

"గట్టిగా బిగించకు, నేనింకా ఊపిరి పీల్చుకోవాలి," అన్నాను.

"నువ్విప్పుడు లోపలికెళ్లి చేసేదేముంది మరదలా? రిపోర్టు ఇచ్చేశాను. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ముసలాయన సంతకం పెట్టి ఇంటికెళ్తాడు. నువ్వూ ఇంటికెళ్లి హాయిగా ఓ కునుకు తియ్యి."

"కునుకు నీ రిపోర్టు చదువుతున్నప్పుడే తీసేశాను."

బావంటే మా మేనత్త కొడుకు. వాడి డిటెక్టివ్ ఏజెన్సీలో పదహారు మంది పనిచేస్తారు. నా ఏజెన్సీలో ఒక్కరే పనిచేస్తారు, ఆ ఒక్కరూ నేనే. అంతకుముందు ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను, పరీక్ష హాళ్లలో కాపీలు పట్టాను. అందుకే ఉద్యోగం మానేసినా అందరికీ నేనింకా టీచరమ్మనే.

ఇది కంటి పరిశోధన సంస్థ. మూడో అంతస్తులో ఎలుకల గది. ఇక్కడ పెద్ద డాక్టరమ్మ తొమ్మిదేళ్లుగా ఒక చుక్కల మందు మీద పనిచేస్తోంది. పాడైన కంటికి మరొకరి కార్నియా అతికిస్తారు కదా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర. ఒక్కోసారి ఒళ్లు దాన్ని "నువ్వు నాదానివి కాదు, పో" అని తిప్పికొడుతుంది. పొర మసకబారిపోతుంది. ఆ తిప్పికొట్టడాన్ని ఆపే మందు ఇది. నల్ల ఎలుకల కార్నియాలు తెల్ల ఎలుకలకు అతికించి, ఈ చుక్కలు వేస్తే, పోయినసారి ఇరవైలో పద్ధెనిమిది నిలబడ్డాయి. ఈసారి ఇరవైకి ఇరవై మసకబారాయి. ఫ్రిజ్‌లో ఉన్న మందు సీసాను పరీక్షకు పంపితే అందులో సగం నీళ్లని తేలింది.

ఆ ఫ్రిజ్‌నీ, ఆ గదినీ, ఆ ఎలుకలనీ చూసుకునే మనిషి ఒక్కడే. సంస్థలో గేటు కాపలావాడి నుంచి డైరెక్టరు దాకా అందరూ మావయ్య అని పిలిచే పెద్దాయన. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. నాలుగింటికి కమిటీ గనక దోషి అంటే ఉద్యోగం పోతుంది, పెన్షన్ పోతుంది, ముప్పై ఒక్క ఏళ్లుగా కూడబెట్టుకున్న మంచి పేరూ పోతుంది.

ఆయన భార్య మా వీధి చివర బట్టలు కుడుతుంది. మేమంతా టైలరక్క అంటాం. పొద్దున్నే మెడలో టేపు తీయకుండా అలాగే మా గుమ్మంలోకి వచ్చింది. "ఎలుక చచ్చిపోయిన రోజు మా ఆయన ఇంట్లో భోజనం చెయ్యడు. అలాంటి మనిషి వాటికి ద్రోహం చేస్తాడా? ఆయన ఉద్యోగం నిలబెట్టు టీచరమ్మా, నీ మేలు మర్చిపోను," అంది. ఆ మాటకే నా మనసు కరిగిపోయింది. సంస్థ బావకి అప్పగించిన కేసుని బావ ముందే తిరగదోడటమంటే ఇంకా కాస్త సంతోషం కూడా కలిగింది. అబద్ధమెందుకు ఆడాలి?

మావయ్య కడిగే గదిలో స్టూలు మీద కూర్చుని ఎలుకల నీళ్ల సీసాల మూతలు తుడుస్తున్నాడు. సస్పెండ్ చేసి అప్పటికి మూడు గంటలైంది. చేతులకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

"మావయ్యా, సూటిగా అడుగుతాను. ఆపరేషన్లు అయిదు వారాల కిందట మంగళవారం అయ్యాయి. దానికి ముందు ఆదివారం మీరు ఇక్కడికి వచ్చారా?"

"రాలేదమ్మా. ఆదివారం నేను రాను. శనివారం సాయంత్రమే రెండు రోజులకు సరిపడా మేత వేసేసి వెళ్లిపోతాను."

"తలుపు వేరేలా చెబుతోంది," అంటూ బావ నా భుజం మీంచి ఒక కాగితం చాపాడు. "ఆ ఆదివారం మధ్యాహ్నం రెండూ పదికి ఈయన కార్డుతో లోపలికి. అయిదూ నలభైకి అదే కార్డుతో బయటికి. ఆదివారం పనిచేసే కార్డు ఈయనదొక్కటే. కంచే చేను మేసిందని చెప్పడానికి ఇంకేం కావాలి?"

"కాస్త బుర్ర కావాలి బావా. సీసాలో నీళ్లు కలపడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

"మరి మిగతా మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలూ ఏం చేశాడు? ఎలుకలకి ఎక్కాలు నేర్పాడా?"

బావ కాగితం మడిచాడు. "పెద్ద వయసు కదా. నెమ్మదిగా చేసి ఉంటాడు."

మావయ్య ఆ కష్టంలో కూడా ఫక్కున నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వగలిగిన మనిషిని కాపాడటం తేలిక.

"మీ కార్డు ఎక్కడ పెడతారు?"

"గౌను జేబులోనమ్మా. లోపల వేసుకున్న గౌను ఇంటికి తీసుకెళ్లకూడదు, అది రూలు. కార్డేమో ఇంట్లో మర్చిపోతుంటాను. అందుకని ఆ జేబులోనే వదిలేసి, గౌను కొక్కేనికి తగిలించి వెళ్తాను. ఇందాక మీరు చెప్పులు విప్పారే, అక్కడే."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఎలుకలకి తప్ప అందరికీ తెలుసు."

నేను బావ వైపు చూశాను. బావ గోడకున్న గడియారం వైపు చూశాడు. రెండు కావస్తోంది.

"సరే. ఆ తర్వాత సోమవారం పొద్దున్న వచ్చినప్పుడు ఏమైనా తేడా కనిపించిందా? ఎంత చిన్నదైనా చెప్పండి."

ఆయన మూత పక్కన పెట్టి లేచాడు. గోడకు వేలాడుతున్న మేత పట్టిక తీసుకొచ్చాడు. ఏ పంజరంలో ఎంత మేత మిగిలిందో రోజూ తూచి రాస్తాడట. ఎవరూ రాయమనలేదు, ఎవరూ చదవరు, అయినా రాస్తాడు. నా ఇరవై రెండేళ్లలో ఇలాంటి విద్యార్థి ఒక్కడు తగిలి ఉంటే ఆ బడి మానేసేదాన్ని కాదు.

"సోమవారం మామూలుగా పావు వంతు మిగులుతుంది. ఆ సోమవారం చూడండి, ఈ ఇరవై పంజరాల్లోనూ సగానికి పైన మిగిలింది. పక్క వరసలో నల్ల ఎలుకలు మాత్రం ఎప్పటిలాగే తిన్నాయి. తెల్లవి మూలకి ముడుచుకుని ఉన్నాయమ్మా. ఆపరేషనైన మర్నాడు అలా ఉంటాయి. కానీ వీటికి ఆపరేషన్ ఇంకా కాలేదు కదా, ఎండకి అలా ఉన్నాయేమో అనుకున్నాను."

"కిటికీ లేని గదిలో ఎండా?"

"అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదమ్మా."

నేను ఆ ఇరవై అంకెలూ నా పుస్తకంలో దించుకున్నాను. దించుకుంటూనే అడిగాను. "ఫ్రిజ్‌లో మందు సీసా మీరు ముట్టుకుంటారా?"

"ఫ్రిజ్ తుడిచేటప్పుడు తీసి పెడతాను." ఆ జవాబు ఆయన నాకు చెప్పలేదు, మళ్లీ చేతిలోకి తీసుకున్న మూతకు చెప్పాడు. తుడిచిన మూతనే మళ్లీ తుడిచాడు. తర్వాత మాట మార్చేశాడు. "ఈ ఎలుకలంటే నాకు గౌరవమమ్మా. రెండేళ్ల కిందట మా ఆవిడ కుడి కంటికి ఎవరో పుణ్యాత్ములిచ్చిన కార్నియా వేశారు. ముందు వీటి మీద నేర్చుకోబట్టే కదా డాక్టర్లకి ఆ చెయ్యి వచ్చింది. నేను వీటికి చెడు తలపెడతానా?"

తలపెట్టడు. అది నాకు ఖాయంగా తెలుసు. ఆ మూత సంగతే అర్థం కాలేదు. పరీక్ష హాల్లో నిజం రాస్తూ రాస్తూ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం పక్క కాగితం వైపు చూసేవాడు ఒకడుంటాడు. ఆ చూపు నాకు బాగా గుర్తు.

పెద్ద డాక్టరమ్మ సూక్ష్మదర్శిని గదిలో ఉంది. అరవై ఏళ్ల మనిషి, పొట్టిగా, చకచకా మాట్లాడుతుంది. పక్కనే ఆమె అసిస్టెంటు, చిన్న డాక్టరు. ఈసారి ఇరవై ఆపరేషన్లూ అతనే చేశాడట. పాలిపోయిన మొహం. మూడు వారాలుగా నిద్రపోయినట్టు లేదు.

"ఒక్క ప్రశ్న డాక్టరుగారూ," అన్నాను. "మందు అసలు వెయ్యకపోతే ఎన్ని మసకబారతాయి?"

"సగం. ఇరవైకి పది అటూ ఇటూగా."

"మందు లేకుండానే పది నిలబడతాయా?"

"నిలబడతాయి. చర్మమో మూత్రపిండమో అయితే ఒళ్లు అస్సలు ఊరుకోదు. కంటికి మాత్రం ఒక మినహాయింపు ఉంది. అక్కడ పెద్ద యుద్ధం జరిగితే చూపే పోతుంది కదా, అందుకని ఒంట్లోని కాపలా కణాలు చూసీచూడనట్టు వదిలేస్తాయి. మా మందు ఆ చూసీచూడనితనాన్ని ఇంకాస్త పెంచుతుంది."

నేను బావ వైపు తిరిగాను. ఎంత నెమ్మదిగా తిరిగానంటే, ఆ క్షణం కాసేపు నిలిచిపోతే బాగుండుననిపించింది.

"విన్నావా? సీసాలో సగం కాదు, మొత్తం నీళ్లే పోసినా పది ఎలుకలు నిలబడాలి. నీ రిపోర్టు పది ఎలుకలకే సరిపోయింది. మిగతా పది ఎందుకు మసకబారాయి?"

"దురదృష్టం," అన్నాడు బావ.

"క్లాసులో సగం మంది తప్పితే పిల్లలు చదవలేదనుకుంటాను. క్లాసు మొత్తం తప్పితే ప్రశ్నపత్రం తీసి చూస్తాను. ఈ ఎలుకలకి మందు కంటే ముందే ఏదో జరిగింది. ఆ ఆదివారమే జరిగింది. మందు సీసా మూత తీసిందే మంగళవారం కదా డాక్టరుగారూ?"

"అవును. ఆపరేషన్ అయ్యాకే తీశాం," అంది డాక్టరమ్మ. ఆమె కళ్లజోడు సర్దుకుని నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది.

"అయితే నాకొక ఎలుకను చూపించండి."

"అబ్బో, కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే!" అన్నాడు బావ. నాకు కోపం రాలేదు. ఎలుకే కావాలి నాకు.

చిన్న డాక్టరు మూడో నంబరు పంజరంలోంచి ఒక తెల్ల ఎలుకను తీసి, మెడ దగ్గర మెత్తగా పట్టుకుని, సూక్ష్మదర్శిని కిందికి తెచ్చాడు. ఎర్రటి పూసలాంటి కన్ను. దాని మీద గుండ్రంగా అతికించిన పొర ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. చూస్తే జాలేసింది. పట్టికలో దాని వివరాలు చక్కగా ఉన్నాయి. మొదటి వారం తేట, ఎనిమిదో రోజు కుట్లు తీశారు, పదకొండో రోజు మసక మొదలు, పదిహేనో రోజుకి పూర్తిగా మసక. ఇరవై ఎలుకలకు ఇరవై పేజీలు. ప్రతి పేజీ మీదా ఒకే శీర్షిక. కుడి కన్ను.

"ఎడమ కన్ను పేజీ ఏది?"

"ఉండదు," అంది డాక్టరమ్మ. "రెండు కళ్లకీ ఆపరేషన్ చేస్తే ఎలుక గుడ్డిదైపోతుంది. అందుకని రూలు, ఒకే కన్ను ముట్టుకోవాలి. మా దగ్గర ఎప్పుడూ కుడే. ఎడమది దాని సొంతం."

"అంటే మీరెవరూ ఎడమ కన్ను చూడరా?"

"చూడాల్సిన పని లేదు."

"ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటే ఇదేనన్నమాట. ఒకసారి తిప్పండి బాబూ."

చిన్న డాక్టరు తిప్పలేదు. ఎలుకను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆ పిల్లాడు భుజాలు తడుముకుంటున్నాడు. డాక్టరమ్మే ఎలుకను అందుకుని, తిప్పి, తన కన్ను సూక్ష్మదర్శినికి ఆనించింది.

"ఇంకోటి ఇవ్వు," అంది. ఇంకోటి చూసింది. ఇంకోటి. ఏడు ఎలుకలు చూశాక తల ఎత్తింది.

"టీచరమ్మగారూ, మీరు చూడండి."

చూశాను. ఎడమ కన్ను తేటగానే ఉంది. కానీ మధ్యలో సన్నటి గుండ్రటి గీత, తడి గ్లాసు బల్ల మీద పెట్టి తీస్తే మిగిలే వలయంలాంటిది. వెతికితే తప్ప కనపడదు.

"ఇది కార్నియా కోసే గుండ్రటి కత్తి అచ్చు," అంది డాక్టరమ్మ. గొంతు చాలా తగ్గిపోయింది. "లోపలి దాకా దింపలేదు. పైపైన గీశారు. కానీ చుట్టూ ఉన్న నరాలన్నీ తెగడానికి అది చాలు."

"ఎడమ కంట్లో నరాలు తెగితే కుడి కంటికేమిటి?" అని బావ అడిగాడు. మంచి ప్రశ్నే. ఒప్పుకోక తప్పదు.

"అదేనండీ విచిత్రం. ఒక కంటి నరాలు అలా గుండ్రంగా తెగితే, ఆ మినహాయింపు ఆ ఒక్క కంటికే కాదు, రెండు కళ్లకీ రద్దయిపోతుంది. ఒళ్లు ఇక దేన్నీ చూసీచూడనట్టు వదలదు. తర్వాత కుడి కంటికి ఏ పొర అతికించినా దాదాపు ప్రతిదాన్నీ తిప్పికొడుతుంది. ఎలుకల్లో ఇలా అవుతుందని మేం చదువుకున్నాం. చదువుకుని ఏం లాభం? ఎడమ కన్ను చూస్తేగా!"

నాకు వెంటనే మా ఇంట్లో మా అక్కా నేనూ గుర్తొచ్చాం. దాన్ని తిడితే నేను భోజనం మానేసేదాన్ని. 

"రెండూ పది నుంచి అయిదూ నలభై దాకా, రెండు వందల పది నిమిషాలు," అన్నాను. "ఇరవై ఎలుకలు. ఒక్కోదానికి పదిన్నర నిమిషాలు. మత్తిచ్చి, గీత గీసి, మళ్లీ పంజరంలో పెట్టడానికి ఎంత పడుతుంది డాక్టరుగారూ?"

"సరిగ్గా అంతే."

"మీరప్పుడు ఎక్కడున్నారు?"

"వేరే ఊళ్లో సభకి వెళ్లాను. మంగళవారం మధ్యాహ్నం తిరిగొచ్చాను."

ఇంక నేను ఎవరి వైపూ చూడనక్కర్లేకపోయింది. చిన్న డాక్టరు తనంతట తనే కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే చేశాను మేడమ్," అన్నాడు. "ఈసారి ఇరవై ఆపరేషన్లూ నన్నే చెయ్యమన్నారు. అన్నీ ఒంటరిగా చెయ్యడం అదే మొదటిసారి. కత్తి పట్టుకుంటే చెయ్యి వణికేది. సాధన చేద్దామంటే విడి ఎలుకలు లేవు, కొత్తవి నెలాఖరుకి గానీ రావన్నారు. ఎడమ కన్ను ఎలాగూ ఎవరూ వాడరు కదా, పైపైన గీస్తే రెండ్రోజుల్లో మూసుకుపోతుంది కదా అనుకున్నాను. మావయ్య కార్డు తీసుకుని వచ్చాను. రెండు కళ్ల సంగతి నిజంగా గుర్తుకు రాలేదు. ఒట్టు."

"మరి నేరం మావయ్య మీద పడినప్పుడు ఎందుకు నోరు మెదపలేదు?" అన్నాను. ఇందాకటి దాకా నవ్వుతూనే ఉన్నాను గానీ ఇక్కడ నాకు నిజంగానే ఒళ్లు మండింది.

"నీళ్లు కలిపింది ఆయనేనన్నారు. నేను గీసిన గీతకీ దానికీ సంబంధం లేదనుకున్నాను. అనుకోవాలనుకున్నాను." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "కమిటీకి నేనే చెప్తాను మేడమ్."

డాక్టరమ్మ అతన్ని చాచి కొడుతుందేమో అనుకున్నాను. ఆమె గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆగి, నుదురు కొట్టుకుంది.

"ఇంత చక్కటి కుట్లు నా దగ్గర ఎవరూ వెయ్యలేదురా! చూసి ఎంత మురిసిపోయానో తెలుసా? సాధన బానే పనికొచ్చింది, ప్రయోగమే మట్టి కొట్టుకుపోయింది. తొమ్మిదేళ్ల మందు పనికిరాదేమోనని మూడు వారాలుగా నేను ఏడవని రోజు లేదు. పద, ముందు మావయ్య కాళ్ల మీద పడు. తర్వాత కమిటీ."

నలుగురం కడిగే గదిలోకి నడిచాం. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. చిన్న డాక్టరు తలుపు దగ్గరే ఆగి అంతా చెప్పేశాడు. మావయ్య వింటూ, "పోనీలే బాబూ, పోనీలే," అంటూ అతని వీపు నిమిరాడు. ముప్పై ఒక్క ఏళ్ల పేరు పోగొట్టబోయినవాడి వీపు! టైలరక్కకి ఫోను చేసి శుభవార్త చెబుదామని ఫోను తీశాను.

"అంతా బానే ఉంది మరదలా," అన్నాడు బావ. ఓడిపోయినప్పుడు కూడా వాడి గొంతు ఇస్త్రీ చెడదు. "నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నాను. కానీ సీసాలో నీళ్లు నిజమే కదా. అవెవరు కలిపారు?"

ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోతే బాగుండునని ఇందాకటి నుంచీ నేను కోరుకుంటున్నాను. అడిగింది బావే కావడం ఇంకా ఒళ్లు మండించింది.

డాక్టరమ్మ చెయ్యి విదిలించింది. "ఎవరైతేనేం, ఈ ఫలితానికి దాంతో సంబంధం లేదు. అయినా ఆ సీసాలో ఉన్నది నేరుగా కంట్లో వేసే మందు కాదండీ, చిక్కటి మూలమందు. అందులో ఒక చుక్క తీసి, తొమ్మిది చుక్కలు సెలైన్ కలిపి, ఆ కలిపినదే ఎలుక కంట్లో వేస్తాం. చిన్న డాక్టరు రోజూ పొద్దున్నే కలిపేస్తాడు. అలా కలపకుండా వేశారనుకోండి, కంటి పైచర్మం ఊడిపోతుంది. అతికించిన పొర గనక ఉంటే అది రెండు రోజుల్లో సున్నం కొట్టినట్టయిపోతుంది."

వెనక స్టూలు దబ్బున పడింది.

మావయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు. "కలపాలా?" అన్నాడు. "దాంట్లో… ఏదో కలపాలా?"

నాకు ఇందాకటి మూత గుర్తొచ్చింది.

"మీరు తీశారా మావయ్యా?"

"సగమేనమ్మా. సగం తీసి, ఎలుకలకి తక్కువవుతుందేమోనని నీళ్లతో నింపాను. కాస్త పలచనైతే వాటికేం నష్టమనుకున్నాను. మా ఆవిడ కంటి మీద పొర మసకబారడం మొదలుపెడితే వేద్దామని ఇంట్లో దాచాను. పద్ధెనిమిదింటికి నయం చేసిన మందు కదమ్మా, దానికి నయం చెయ్యదా? నిన్న సాయంత్రం అది దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆస్పత్రిలో ఇచ్చిన కొత్త చుక్కలని చెప్పి ఇచ్చాను. రాత్రి ఒకసారి వేసుకుంది. పొద్దున్న ఒకసారి."

"ఎన్ని చుక్కలు?" డాక్టరమ్మ గొంతు చురుగ్గా మారింది.

"రెండు."

"మళ్లీ ఎప్పుడు?"

"నాలుగింటికి."

మూడూ యాభై రెండు. నేను అప్పటికే నంబరు నొక్కాను. ఫోను మోగుతోంది, మోగుతోంది, ఆగిపోయింది. టైలరక్క మిషను తొక్కుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. మళ్లీ చేశాను. బావ తన రిపోర్టు బల్ల మీద విసిరేసి, కారు తాళాలు తీసుకుని, కాళ్లకున్న ప్లాస్టిక్ సంచులతోనే మెట్లవైపు పరిగెత్తాడు. వాడి మీద నాకున్న చిన్నప్పటి కోపాల్లో సగం ఆ పరుగుతోనే పోయాయి. డాక్టరమ్మ సెలైన్ సీసాలు రెండు చంకలో ఇరికించుకుని వాడి వెనకే వెళ్లింది.

మూడోసారికి ఎత్తింది. అందరికీ వినపడేలా మీట నొక్కాను.

"టీచరమ్మా! నువ్వేనా? ఏమైంది? కమిటీ అయిపోయిందా?"

"అక్కా, ఆ కంటి చుక్కలు వేసుకోకు!"

"అయ్యో, వేసేసుకున్నానే, ఇప్పుడే. నాలుగింటికి దండం పెట్టుకుని కూర్చుందామని కాస్త ముందే వేసుకున్నాను. మండుతోందిలే, మందన్నాక మండదా? ముందు ఇది చెప్పు, మా ఆయన ఉద్యోగం దక్కిందా లేదా?"

"తర్వాత చెప్తాను. నువ్వు వెంటనే కుళాయి కింద కన్ను పెట్టు."

"ఉద్యోగం సంగతి చెబితేనే లేస్తాను. పొద్దుటి నుంచీ నా గుండె నా దగ్గర లేదు."

మావయ్య నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "పోతే పోయిందే ఉద్యోగం!" అని అరిచాడు. ఆ మనిషి అరవగలడని ఆ సంస్థలో ఎవరికీ తెలియదు. "అది ఆస్పత్రి మందు కాదే! నేను ఇక్కడి ఫ్రిజ్‌లోంచి దొంగతనంగా తెచ్చాను. కన్ను కడుక్కో! నీకు దండం పెడతాను, కడుక్కోవే!"

అవతల మిషను ఆగింది. నాకు ఆవిడ మొహం కనపడుతున్నట్టే ఉంది. పొద్దున్న మా గుమ్మంలో ఈయన గురించి అంత ధీమాగా మాట్లాడిన మొహం. తర్వాత కుర్చీ జరిగింది, అడుగుల చప్పుడు, కుళాయి విప్పిన చప్పుడు. నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. మావయ్య ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. చిన్న డాక్టరు ఆయన పక్కనే కూర్చున్నాడు.

కారిడార్లో కమిటీ వాళ్లు ఒక్కొక్కరూ లోపలికి వెళ్తున్నారు. మూడూ యాభై ఎనిమిది.

నీళ్ల చప్పుడులోంచి టైలరక్క గొంతు వినపడింది.

"టీచరమ్మా, ఉన్నావా?"

"ఉన్నానక్కా. కన్ను ఎలా ఉంది?"

"తెరిస్తే అంతా తెల్లగా ఉందమ్మా, ఏమీ కనపడటం లేదు. రెండోది బానే ఉందిలే, దారికి అది చాలు. కమిటీ వాళ్లని నేనొచ్చేదాకా ఆగమను. తెచ్చింది ఆయనే అయినా నా కంటి కోసమే కదా తెచ్చాడు, ఆ మాట నేనే చెప్పాలి. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టు, ఇంటికొచ్చాక ఆయన సంగతి చెప్తాను."